ఎర్ర మిర్చికి ఏ వెలుగు, ఇత్తడి కలశానికి ఏ వెలుగు

ఖమ్మం జిల్లా కుసుమంచి చుట్టుపక్కల పండిన మిర్చి ఖమ్మం మార్కెట్ యార్డుకు చేరితే దాని ధర తేలేది పగటి వెలుతురులోనే. జెండా పాట అనే వేలం వేళకు ఖరీదుదారులు బస్తా మూతి విప్పి గుప్పెడు కాయలు బయటికి లాగుతారు. కాయ విరిచి తేమ చూస్తారు, తెల్లబారిన తాలు ఎంత కలిసిందో చూస్తారు. అన్నిటికన్నా ముందు కంటికి ఆనేది మాత్రం రంగు. అదే కాయ కారంగా మారి, అరకిలో ప్యాకెట్టుగా ఆన్‌లైన్ అంగడికి ఎక్కితే కొనేవాళ్లకు విరిచి చూసే వీలుండదు. వాళ్లకు దక్కేది ఒక్క ఫోటో. ఆ ఫోటో తీసిన గదిలో ఏ బల్బు వెలుగుతోందన్నది రంగునూ, రంగుతోపాటు బేరాన్నీ తేలుస్తుంది.

వస్తువుల ఫోటోల మీద మాట మొదలైతే అది కెమెరా ఏది, లెన్స్ ఎంత అన్న దగ్గరే తిరుగుతుంది. ఈ పనికి సరిపడా మంచి కెమెరా ఇప్పుడు చాలా ఫోన్లలో ఉంది. ఇక తేడా చేసేది వెలుగే. అందులోనూ ఎన్ని వాట్లు, ఏ కంపెనీ అన్నది తర్వాతి సంగతి. ఎదురుగా ఉన్న వస్తువు తన మీద పడిన వెలుతురును ఏం చేస్తుందో ముందు చూడాలి. అన్ని వైపులకూ చెదరగొడుతుందా, అద్దంలా తిప్పికొడుతుందా, తనలోంచి పోనిస్తుందా? ఖమ్మం, భద్రాచలం సరుకుల పక్కన పోచంపల్లి, పెంబర్తి, కరీంనగర్ సరుకులు పెట్టి చూస్తే ఈ మూడు స్వభావాలకూ, వాటి కలగలుపులకూ కావలసినన్ని ఉదాహరణలు దొరుకుతాయి.

ఎండుమిర్చి ఎరుపుకు ముఖ్య కారణం కాప్సాంథిన్ అనే వర్ణకం. అది నీలం, ఆకుపచ్చ కాంతిని మింగేసి ఎరుపును వెనక్కి పంపుతుంది. అంటే బల్బు కాంతిలో ముదురు ఎరుపు ఉంటేనే కాయ నిండుగా ఎర్రబడుతుంది. ఇళ్లలో వాడే మామూలు ఎల్‌ఈడీ బల్బుల్లో కొరతగా ఉండేది సరిగ్గా అదే. తెల్ల ఎల్‌ఈడీ లోపల ఉండేది నీలి చిప్. దాని మీది ఫాస్ఫర్ పూత నీలంలో కొంత భాగాన్ని పసుపు వైపు మారుస్తుంది, రెండూ కలిసి కంటికి తెల్లగా తోస్తాయి. నీలి ఎల్‌ఈడీని సాధించినందుకు అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. కరెంటు బిల్లు తగ్గించిన ఆ ఆవిష్కరణ కారం ఫోటోకు మాత్రం ఓ చిక్కు తెచ్చిపెట్టింది. బల్బు రంగులను ఎంత సరిగా చూపుతుందో చెప్పడానికి డబ్బా మీద వేసే సీఆర్‌ఐ అంకెను ఎనిమిది లేత రంగుల నమూనాల సగటుతో కడతారు. ముదురు ఎరుపు నమూనా ఆర్9 ఆ సగటులోకి రాదు. కాబట్టి సీఆర్‌ఐ 80 అని రాసుకున్న బల్బుకు ఆర్9 సున్నా దరిదాపుల్లో ఉన్నా ఆశ్చర్యం లేదు. ఆ వెలుగులో తీస్తే మేలైన తేజ రకం మిర్చి కారం కూడా గోధుమరంగుకు తిరిగి, ఇటుకపొడి కలిపారేమోనన్న అనుమానం పుట్టిస్తుంది. లైటు కొనేటప్పుడు సీఆర్‌ఐ 95 దాటిందా, ఆర్9 విలువ విడిగా వేశారా అని చూసుకోవాలి. లేదా లైట్లన్నీ ఆపేసి కిటికీ దగ్గరికి జరగాలి.

కిటికీ దగ్గరా ఇబ్బందులు లేకపోలేదు. ఫ్రేము నిండా ఎర్ర కాయలే ఉంటే ఫోన్ కంగారుపడుతుంది. గదిలో వెలుగే ఎర్రగా ఉందనుకుని, సరిచేయబోయి రంగును చల్లార్చేస్తుంది. కుప్ప పక్కన ఓ తెల్ల కాగితమో బూడిదరంగు కార్డో పెట్టి, దాని మీద వైట్ బ్యాలెన్స్ కుదిర్చి, ఆ సెట్టింగును కదపకుండా తీస్తే ఈ గొడవ తీరుతుంది. పగటి వెలుతురు ఒక పక్క, పాత పసుపు బల్బు మరో పక్క ఉంటే మాత్రం ఏ సవరణా పనిచేయదు. మధ్యాహ్నపు ఎండ 5500 కెల్విన్ దరిదాపుల్లో ఉంటుంది, ఫిలమెంట్ బల్బు 2700 దగ్గర. ఒకదానికి సరిచేస్తే రెండోది చెడుతుంది. ఇక చాలామంది పట్టించుకోని దోషి గోడ. పచ్చ డిస్టెంపర్ వేసిన గోడ పక్కన తెల్ల బియ్యప్పిండి ప్యాకెట్ పెట్టి తీసి చూస్తే, ప్యాకెట్టుకు గోడ వైపు అంచు పచ్చబడి కనిపిస్తుంది.

మిరప జాతి కాయ ఫోటోల్లో ప్రపంచంలో అన్నిటికన్నా పేరున్నది కాలిఫోర్నియాలో తీసింది. 1930 ఆగస్టులో అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్ తీసిన ‘పెప్పర్ నంబర్ 30’. మన కూరల్లోకి వచ్చే కాప్సికమే అది, కాకపోతే మెలికలు తిరిగి కండరాలు పొంగిన ఒళ్లులా ఉంటుంది. అంతకుముందు తెల్ల గుడ్డ మీద, తెల్ల అట్ట ముందు పెట్టి ఎన్నోసార్లు తీసినా వెస్టన్‌కు తృప్తి కలగలేదు. చివరికి ఓ రేకు గరాటును పక్కకు పడుకోబెట్టి, దాని నోట్లో కాయ పెట్టాడు. గరాటు లోపలి వంపు పైనుంచి వచ్చిన వెలుతురును పట్టి కాయ చుట్టూ తిప్పింది. నీడ పడాల్సిన అడుగున కూడా సన్నటి మెరుపు అంచు నిలిచింది. చాలాసేపు ఎక్స్‌పోజర్ ఇచ్చి తీసిన చిత్రమది. స్టూడియో లైటు ఒక్కటీ లేదు. వస్తువుల ఫోటోగ్రఫీ నేర్పే పాఠ్యాంశాల్లో ఈ గరాటుకు దొరకాల్సినంత చోటు దొరకడం లేదు, రింగ్ లైటుకు మాత్రం అక్కర్లేనంత చోటు దొరుకుతోంది.

రింగ్ లైటు మీద ఇంత కోపం ఎందుకంటే, అది లెన్స్ చుట్టూనే ఉంటుంది. వెలుగు చూపు దిశలోనే వెళ్లి పడితే నీడలన్నీ వస్తువు వెనక దాక్కుంటాయి, గుండ్రటిది బల్లపరుపుగా తేలుతుంది. మెరిసే వస్తువైతే నడిమధ్యలో తెల్లటి సున్నా కూడా పడుతుంది. మనిషి ముఖానికి అది కొంత మేలు చేయవచ్చు గానీ, కుండకూ సీసాకూ కాదు.

నీడ మెత్తగా రావాలా, గట్టిగా రావాలా అన్నది వెలుగు ఎంత వెడల్పు నుంచి వస్తోందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆకాశంలో సూర్యుడు ఆక్రమించే వెడల్పు అర డిగ్రీ మాత్రమే, అందుకే ఏప్రిల్ ఎండలో నీడలు కత్తిరించినట్టు పడతాయి. ఆషాఢం మబ్బు పట్టిన రోజున ఆకాశమంతా ఒకే దీపమవుతుంది, నీడ ఉందో లేదో తెలియదు. లెక్కలోకి వచ్చేది వస్తువుతో పోల్చినప్పటి వెడల్పు. రెండడుగుల కిటికీ కారం ప్యాకెట్టుకు మహా పెద్దది, పరిచిన చీరకు చిన్నది. అదే లైటును దగ్గరికి జరిపితే నీడ మెత్తబడుతుంది, దూరం జరిపితే గట్టిపడుతుంది. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుందన్న సూత్రం చిన్న దీపాల విషయంలో ఇంచుమించు అలాగే నడుస్తుంది. లైటు మరీ దగ్గరగా ఉంటే వస్తువు ఈ చివర తెల్లగా, ఆ చివర చీకటిగా రావడానికి కారణం అదే. ఎదుటి వైపు ఓ థర్మాకోల్ షీటు నిలబెడితే చీకటి సగం తగ్గుతుంది.

యూరప్, అమెరికా పుస్తకాలన్నీ ఉత్తరపు కిటికీని మెచ్చుకుంటాయి. అక్కడ మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఎప్పుడూ దక్షిణం వైపే ఉంటాడు కాబట్టి ఉత్తరపు కిటికీలోకి నేరుగా ఎండ రావడం తక్కువ. ఆ సలహాను కుసుమంచికి యథాతథంగా తెచ్చుకుంటే దెబ్బతింటాం. ఊరు 17 డిగ్రీల అక్షాంశం దాటి కాస్త పైన ఉంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. మార్చి చివరి నుంచే పొద్దున్నా సాయంత్రమూ ఏటవాలు ఎండ ఉత్తరపు కిటికీని తాకుతుంది. ఆ నెలల్లో కిటికీకి ట్రేసింగ్ పేపరో, పల్చటి తెల్ల పంచో అడ్డం కట్టాలి. చలికాలంలో తీసేయవచ్చు.

గట్టి వెలుగు అన్నిచోట్లా శత్రువు కాదు. కుసుమంచిలోనే ఉన్న కాకతీయుల కాలపు గణపేశ్వరాలయం దగ్గరికి మిట్టమధ్యాహ్నం వెళ్తే ఎదురెండ పడే చోట రాతి చెక్కడం చదునుగా తోస్తుంది. సాయంత్రం ఏటవాలు కిరణం గోడను రాసుకుంటూ పోయే వేళ అదే చెక్కడం లోతు తేలి నిలుస్తుంది. శాసనాలు ఫోటో తీసే పరిశోధకులకు ఈ కిటుకు బాగా తెలుసు. అరిగిపోయిన అక్షరాల మీదికి చేతి అద్దంతో ఎండను పక్కనుంచి కొట్టించి తీస్తారు. జనపనార సంచి, వెదురు బుట్ట, చేతి ముద్దలతో చేసిన బెల్లం, జొన్న బిస్కెట్టు, ఇలా గరుకుదనమే గుణమైన ప్రతి సరుకుకూ ఈ పక్కవాటు వెలుగు కావాలి. భద్రాచలం మహిళలు తయారుచేసే చిరుధాన్యాల బిస్కెట్ల గురించి 2025 జూన్ ‘మన్ కీ బాత్’లో ప్రధాని ప్రస్తావించారు. అలాంటి బిస్కెట్టును తల మీది ట్యూబ్‌లైటు కింద తీస్తే మైదా బిస్కెట్టుకూ దానికీ తేడా తెలియదు. పక్కనుంచి తక్కువ ఎత్తులో వెలుగు పడితే పైన ఉన్న ప్రతి పలుకూ కనిపిస్తుంది.

పట్టు విషయం వేరు. దారం నున్నగా, పొడవుగా ఉండటం వల్ల మెరుపు దారానికి అడ్డంగా పాకుతుంది. పట్టు చీరను అలాగే ఉంచి లైటును తిప్పినా, లైటును ఉంచి చీరను పావు వంతు తిప్పినా రంగు లోతు మారిపోతుంది. కలనేత చీరైతే ఇంకా చిత్రం. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు. ఎదురు వెలుగులో రెండూ కలిసి ఏదో ఒక మధ్యరకపు రంగుగా పడతాయి, పక్క వెలుగులో మడత ఈ వైపు ఒకటి, ఆ వైపు ఒకటి పలుకుతాయి. కాబట్టి కలనేతను చదునుగా పరిచి తీయడం దండగ. రెండు మడతలైనా లేపి, కిటికీ పక్కన పెట్టాలి. పోచంపల్లి ఇక్కత్‌కు ఈ బాధ కొంత తక్కువ గానీ మరో చిక్కుంది. రంగు అంచులు సన్నగా చెదిరినట్టు ఉండటమే ఇక్కత్ గుర్తు. ఫోటోను సాఫ్ట్‌వేర్‌లో మరీ పదునుపెడితే ఆ చెదురు పోయి, చేతి పని కాస్తా ప్రింటు గుడ్డలా తయారవుతుంది.

లోహం దగ్గరికి వస్తే ఇప్పటిదాకా చెప్పినవన్నీ తిరగబడతాయి. మెరుగుపెట్టిన పెంబర్తి ఇత్తడి కలశానికి లైటు వేయడమన్న మాటే సరికాదు. కలశంలో కనిపించేది దాని ఎదుట ఉన్న గది. కాబట్టి వెలిగించాల్సింది గదిని. పని ఇలా సాగుతుంది: కలశానికి రెండు వైపులా నిలువెత్తు థర్మాకోల్ షీట్లు నిలబెడతారు, లైటును ఇత్తడి మీదికి కాకుండా షీట్ల మీదికి తిప్పుతారు. వెంటనే కలశం రెండు పక్కలా పొడవాటి తెల్ల పట్టీలు తేలతాయి. ఇప్పుడు అంచులు తెల్లటి వెనక తెరలో కలిసిపోతాయి. అందుకని షీటు చివర రెండంగుళాల నల్ల చార్టు ముక్క అతికిస్తారు. ఆ నలుపు కలశం అంచున సన్నటి గీతలా ప్రతిఫలించి ఆకారాన్ని పట్టి నిలుపుతుంది. మిగిలేది ఫోటో తీసే మనిషి, బొజ్జ మధ్యలో నిలబడి కనిపిస్తూ. నల్ల గుడ్డకు లెన్స్ పట్టేంత రంధ్రం చేసి దాని వెనక నిలబడటమే దానికి మందు. కరీంనగర్ వెండి తీగ పనికి తెల్ల నేపథ్యం అసలు కలిసిరాదు. తీగల మధ్య ఖాళీలే అందులో నగిషీ, తెల్ల మీద తెల్లగా అవి మాయమవుతాయి. ముదురు రంగు వెల్వెట్ మీద పెట్టి పక్కనుంచి వెడల్పాటి వెలుగు ఇస్తే ఒక్కో మెలికా లెక్కపెట్టొచ్చు.

ఖమ్మం జిల్లాకు ఈ పనిలో ఓ అదృష్టం ఉంది, గ్రానైట్. పాలిష్ పట్టిన నల్ల గ్రానైట్ పలక ముక్క వస్తువు కింద పెడితే నిండైన నీడబొమ్మ వస్తుంది. అద్దం పెడితే ముందు గాజు నుంచి ఒకటి, వెనక పూత నుంచి ఒకటి, రెండు బొమ్మలు పడి అంచులు మసకబారతాయి. నల్లరాయి పైతలం మీదే తిప్పికొడుతుంది కాబట్టి ఒక్కటే వస్తుంది. అయితే పైకప్పులో ఉన్న ఫ్యాను కూడా అందులో దిగబడుతుంది. దానికి అడ్డంగా నల్ల దుప్పటి కట్టుకోవాలి.

గిరిజన సహకార సంస్థ 1956లో ఏర్పడినప్పటి నుంచి సేకరించే అటవీ ఉత్పత్తుల్లో తేనె ముఖ్యమైనది. తేనె సీసాకు ముందునుంచి లైటు వేస్తే గాజు మీద మెరుపు మచ్చలు, లోపల నల్లటి ద్రవం. వెలుగు వెనకనుంచి రావాలి. వెనక తెల్ల తెరను వెలిగించి, దాన్ని ఫ్రేమంత వెడల్పుకే పరిమితం చేస్తే గాజు అంచులు నల్లటి గీతల్లా వస్తాయి, తేనె బంగారంలా వెలుగుతుంది. తిరగేసి, సీసా వెనక నల్ల అట్ట, దాని చుట్టూ వెలుగు ఉంచితే అంచులే వెలుగుతాయి. ఖాళీ గాజు సామానుకు రెండోది బాగుంటుంది, తేనెకు మొదటిదే. లేబుల్ చీకటి పడుతుందన్న చిక్కుకు స్టూడియోల్లో ఓ పాత ఉపాయం ఉంది. సీసా ఆకారంలోనే, దానికన్నా కాస్త చిన్నగా వెండి కాగితం కత్తిరించి సీసా వెనక దాస్తే, అది పైనుంచి వచ్చే వెలుగును తేనెలోంచి ముందుకు నెడుతుంది. లేబుల్‌కు ముందు పక్క చిన్న తెల్ల అట్ట చాలు.

ఏటికొప్పాక లక్క బొమ్మ లోహమూ కాదు, గరుకూ కాదు. లోపల రంగు, పైన గాజులాంటి పూత. లెన్స్‌కు పోలరైజర్ ఫిల్టర్ తగిలించి తిప్పితే పూత మీది తళుకు చాలావరకు పోతుంది, ముఖ్యంగా వెలుగు 55 డిగ్రీల చుట్టుపక్కల కోణంలో తిరిగి వస్తున్నప్పుడు. ఇత్తడి మీద ఆ ఫిల్టర్ ఒక్కటే పెట్టి తిప్పినా ఫలితం ఉండదు, లోహం తళుకు స్వభావం వేరు. తళుకంతా తీసేస్తే లక్క బొమ్మ మట్టి బొమ్మలా అవుతుంది, కొంచెం ఉంచాలి. హైదరాబాద్ ముత్యాలకైతే తళుకే ప్రాణం. ముత్యం నాణ్యత చూసేవాళ్లు దాని మీద దీపం బొమ్మ ఎంత స్పష్టంగా నిలిచిందో చూస్తారు. ఆన్‌లైన్‌లో దొరికే తెల్ల గుడ్డ గుడారాల్లో పెట్టి తీస్తే ఆ బొమ్మ కరిగిపోయి ముత్యం సుద్దముక్కలా వస్తుంది. 2024లో భౌగోళిక సూచిక (జీఐ) గుర్తింపు పొందిన లాడ్ బజార్ లక్క గాజుల మీది రాళ్లకూ అంతే, ఒక చిన్న గట్టి దీపమైనా ఉండాలి. గుడారం పనికిమాలినదని కాదు, పింగాణీ కప్పులకు బాగానే ఉంటుంది.

ఈ విద్యకు వయసు తక్కువేం కాదు. 1844లో ఫోటోగ్రఫీ ఆద్యుల్లో ఒకడైన ఫాక్స్ టాల్బట్ ‘ద పెన్సిల్ ఆఫ్ నేచర్’లో పింగాణీ సామాను అరల ఫోటో అచ్చువేసి, దొంగతనం జరిగితే ఇలాంటి చిత్రం సాక్ష్యంగా పనికొస్తుందని రాశాడు. అదే ఏడు పుట్టిన లాలా దీన్ దయాళ్ తర్వాతి కాలంలో ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫరై సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపాడు. నాటి గాజు పలకలు ఎరుపును పట్టలేవు, వాటి మీద తేజ మిర్చి నల్లగానే పడి ఉండేది. 1922లో పాల్ ఔటర్‌బ్రిడ్జ్ ఒట్టి చొక్కా కాలరును చదరంగపు గళ్ల మీద పెట్టి తీసిన ప్రకటన ‘వ్యానిటీ ఫెయిర్’లో వచ్చింది. 1930 నాటికి ఫ్లాష్ బల్బు, ఆ వెంటనే హెరాల్డ్ ఎడ్గర్టన్ ఎలక్ట్రానిక్ ఫ్లాష్ వచ్చాయి. మన పెళ్లి వీడియోల కాలపు, సెగలు కక్కే సన్‌గన్ లైటు గుర్తున్నవాళ్లకు, ఎల్‌ఈడీ ఎంత సుఖమో చెప్పనక్కర్లేదు. చవక ఎల్‌ఈడీలు కొన్ని మన 50 హెర్ట్జ్ కరెంటు మీద సెకనుకు 100 సార్లు మిణుకుతాయి, ఫోటోలో అడ్డ చారలు పడతాయి. షట్టర్ 1/50 లేదా 1/100 దగ్గర పెడితే పోతాయి.

ఇప్పుడు వెలుగును శాసిస్తున్నది అంగడి నియమం. అమెజాన్ ముఖ్య చిత్రానికి అచ్చమైన తెల్ల నేపథ్యం, అంటే మూడు రంగులూ 255, ఉండాలంటుంది. వస్తువు ఫ్రేములో 85 శాతం నిండాలి. కెమెరా మీటరు తెల్లదాన్ని చూస్తే బూడిదరంగు చేస్తుంది కాబట్టి నేపథ్యానికి వేరే దీపం, వస్తువుకూ దానికీ మధ్య మూడు నాలుగు అడుగుల ఎడం అవసరం. మరీ ఎక్కువ వెలిగిస్తే ఆ తెలుపు అంచుల మీదికి పొంగి వస్తువును కొరుకుతుంది. ఈ నియమం ప్లాస్టిక్ డబ్బాలకు సరిపోయింది. వెండి తీగకూ, తేనెకూ అన్యాయమే చేసింది. రెండో చిత్రం నుంచి నియమాలు సడలుతాయి కాబట్టి, అసలు పనితనం అక్కడ చూపుకోవచ్చు.

మరి వెలుగు ఎంతవరకు పొగడవచ్చు? 1970 ప్రాంతంలో క్యాంప్‌బెల్ సూప్ ప్రకటన మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభ్యంతరం చెప్పింది. గిన్నె అడుగున గాజు గోళీలు పోసి కూరముక్కలు పైకి తేలేలా చేసి ఫోటో తీశారన్నది ఆరోపణ. మన దేశంలో 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్రకటన, సరుకు అసలు లక్షణాలతో సరిపోవాలి. ప్రకటనలో చూపినట్టు సరుకు లేకపోతే వాపసు తీసుకోనని అమ్మకందారు అనకూడదు. ‘రంగులో స్వల్ప తేడా ఉండవచ్చు’ అన్న చిన్నక్షరాల వాక్యం ప్రతి చీర కిందా ఉంటుంది. కొనేవాళ్ల తెర వల్ల వచ్చే తేడాకు ఆ వాక్యం న్యాయమైనదే. ఆర్9 లేని బల్బు వల్ల వచ్చిన తేడాను దాని వెనక దాచడం న్యాయం కాదు.

కృత్రిమ మేధతో నేపథ్యం మార్చే యాప్‌లు వచ్చాక చాలామంది లైటు గొడవే వదిలేశారు. ట్యూబ్‌లైటు కింద తీసిన బుట్టను అడవి చెట్టు కింద కూర్చోబెడితే, చెట్టు నీడలు ఎడమకు, బుట్ట నీడ కుడికి పడుతుంటాయి. బుట్టకైతే చూసేవాళ్లు సర్దుకుపోతారేమో. తేనె సీసాకు కొత్త నేపథ్యం అతికిస్తే సీసాలోంచి కనిపించే పాత గోడ అలాగే ఉండిపోతుంది, ఇత్తడి కలశం బొజ్జలో పాత గది మిగిలే ఉంటుంది. ఆ రెంటికీ నేపథ్యం ఏదో ముందే తేల్చుకుని, దాన్నే వెనక పెట్టి తీయడం ఇప్పటికీ దగ్గరి దారి.